1949 నాటి ‘విశ్వపౌరుల’ వేట: సిద్ధాంత పోరాటమా, యూదు ద్వేషమా?

కృష్ణాతీరం:
విశాలాంధ్రలో కొన్న సోవియట్ పుస్తకాలు చదువుతూ పెరిగినవాణ్ణి. 1949 జనవరి 28న సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ నాటక విమర్శకుల మీద ఎక్కుపెట్టిన వ్యాసాన్ని, ఆ వెంటనే ‘వేళ్ళు లేని విశ్వపౌరులు’ (స్వదేశం మీద మమకారం లేనివాళ్ళు) అంటూ సాగిన ప్రచారాన్ని యూదు ద్వేషం అనడం అన్యాయం. అది పాశ్చాత్య ప్రభావంపై పోరాటం. నిందితుల్లో మల్యూగిన్ రష్యన్, బోయాజియేవ్ ఆర్మేనియన్. అంతకు ముందు ఏడాదే ఇజ్రాయెల్‌ను గుర్తించిన దేశం కదా అది!

పాత అచ్చు:
విదేశాంగ విధానాన్ని పక్కన పెట్టి అచ్చయిన పేజీ చూడండి. కలంపేరు పక్కనే కుండలీకరణాల్లో పుట్టుపేరు వేసేవారు: ఖొలోదోవ్ (మెయెరోవిచ్). ఆ రెండో పేరు కంటబడ్డాక ‘యూదుడు’ అని వేరే రాయనక్కరలేదు. కలంపేరుతో రాయడం మనకు ఎంత మామూలో తెలుసు కదా, అక్కడ అదే దొంగ వేషమైపోయింది. రష్యన్ సోవియట్ మనిషి జాతీయ స్వభావం నిందితుల్లో ఒకడైన విమర్శకుడు గుర్విచ్‌కు ఏం తెలుస్తుందని మీరు చెప్పిన వ్యాసమే అడిగింది. నాటక విమర్శలో తప్పుంటే తప్పు చూపాలి. మనిషి పుట్టుకతో పనేమిటి?

బదులు చెప్పుకునే చోటు కూడా మిగల్చలేదు. యుద్ధకాలంలో, 1942లో పుట్టిన యిడ్డిష్ (తూర్పు ఐరోపా యూదుల భాష) పత్రిక ‘ఐనికాయిట్’ను 1948 నవంబరులోనే మూసేశారు. దాన్ని నడిపిన, ఫాసిజానికి వ్యతిరేకంగా పనిచేసిన యూదుల సంఘాన్నీ అప్పుడే రద్దు చేశారు.

కృష్ణాతీరం:
పేర్లు బయటపెట్టడం నీచమే, ఒప్పుకుంటాను. కానీ 1951లో కలంపేర్ల మీద మళ్ళీ దాడి జరిగినప్పుడు రచయిత సీమొనోవ్ సాహిత్య పత్రిక ‘లితెరతూర్నయా గజెతా’లో బాహాటంగానే ఎదిరించాడు. రచయిత ఎహ్రెన్‌బర్గ్ యూదుడే, పెద్ద పత్రికల్లో రాశాడు. గొంతు నొక్కేశారని ఎలా అంటారు?

పాత అచ్చు:
సీమొనోవ్‌ది నిజమైన ధైర్యం, కాదనను. ఎహ్రెన్‌బర్గ్ సంగతి వేరు. 1949 తొలి నెలల్లో ఆయన వ్యాసాలు కూడా ఆగిపోయాయి. స్టాలిన్‌కు ఉత్తరం రాశాకే మళ్ళీ అచ్చయ్యాయి. ఒక్కరి దయ మీద ఆధారపడిన గొంతును స్వేచ్ఛ అనలేను.

మీరు పిల్లల పుస్తకాలు ప్రేమగా చదివినవారు కాబట్టి లేబ్ క్విత్కో గురించి చెబుతాను. యిడ్డిష్‌లో రాసిన పిల్లల కవి. రష్యన్ అనువాదాల్లో ఆయన పద్యాలు ఆ దేశపు పిల్లలందరికీ తెలుసు. 1952 ఆగస్టు 12న, రద్దయిన ఆ యూదుల సంఘం కేసులో 13 మందిని కాల్చి చంపారు, వారిలో ఆయన ఒకరు. ఏ పత్రికా ఒక్క ముక్క రాయలేదు. మరణించారన్న సంగతి ఆ ఇళ్ళవాళ్ళకు 1955లో గానీ చెప్పలేదు.