అప్‌డేట్: చీజ్‌లో వేసే రెన్నెట్ శాకాహారమేనా అని అడిగాను కదా

మా తమ్ముడు విదేశం నుంచి తెచ్చిన రెన్నెట్ (చీజ్ కోసం పాలను గట్టిపరిచే పదార్థం) దూడ పొట్టలోంచి తీసిందేమో, మా అత్తయ్యగారు తినొచ్చా అన్నది నా ప్రశ్న. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. కంపెనీకి మెయిల్ పెడితే, అది ఈస్ట్‌తో తయారైన కైమోసిన్ (రెన్నెట్‌లో పాలను గట్టిపరిచే ఎంజైమ్) అని రాశారు.

అంటే, దూడలో ఈ ఎంజైమ్‌ని చేయించే జన్యువు ప్రతిని క్లూయివెరోమైసిస్ లాక్టిస్ అనే ఈస్ట్‌లో పెడతారు. ట్యాంకుల్లో పెరుగుతూ ఆ ఈస్టే కైమోసిన్‌ని తయారుచేస్తుంది. ఆఖర్న ఈస్ట్‌ని వడకట్టేసి ఎంజైమ్ మాత్రమే తీసుకుంటారు. ఇలా జన్యు మార్పిడితో చేసిన కైమోసిన్‌కి అమెరికాలో 1990లోనే అనుమతి వచ్చింది. అప్పుడు వాడింది ఈస్ట్ కాదు, ఈ. కోలై బ్యాక్టీరియా.

విశాఖ ఎంవీపీ కాలనీలో దొరికే గేదె పాలతో చీజ్ చేశాను. టెట్రా ప్యాక్ పాలు వద్దన్నారు, నిజమే, బాగా వేడిచేసిన పాలు సరిగ్గా గట్టిపడవు. ఈ పాలు మాత్రం జున్నులా బిగిశాయి. చాకు దించి పైకి లేపితే ఆ గడ్డ నున్నగా చీలి, ఆ సందులో ఆకుపచ్చ ఛాయ ఉన్న నీళ్లు ఊరాయి.

అత్తయ్యగారు అంతా విని, "జన్యువు దూడదే కదమ్మా?" అన్నారు. ప్రతి బ్యాచ్‌కీ దూడతో పని లేదని నా వాదన. ఆవిడ ఒప్పుకోలేదు, అది ఆవిడ ఇష్టం. ఆవిడకి రైజోమ్యూకర్ బూజు నుంచి సహజంగా వచ్చే రెన్నెట్‌తో మొజరెల్లా చేస్తాను. చాలాకాలం మాగబెట్టే చీజ్‌లో అది చేదు తేవచ్చు, మొజరెల్లాకి ఆ టెన్షన్ లేదు.