బోటు ఆయిలు, ప్లాస్టిక్ ఎక్కడ వేయాలి? మీ హార్బర్లో ఏం చేస్తున్నారు?

సరంగు గారబ్బాయి (విశాఖపట్నం)
నాన్నగారు విశాఖ ఫిషింగ్ హార్బర్లో చాలా ఏళ్ళు సరంగుగా (బోటు నడిపించే పెద్దగా) చేశారు. ఇప్పుడు మాకు సొంత బోటుంది. మార్చిలో ఒకరోజు పొద్దున్నే పంపు వేసి బోటు అడుగున చేరిన నీళ్ళు తోడుతున్నాను. నల్లగా వచ్చాయి. జెట్టీ (బోట్లు కట్టే గట్టు) పక్కన నీటి మీద రంగురంగుల పొర పరుచుకుంది. నాలుగు బారల అవతల ఒక పెద్దమ్మ అదే నీళ్ళు బకెట్‌తో తోడి చేపల తట్ట కడుగుతోంది. వెంటనే పంపు ఆపేశాను. ఆ తట్టలో చేపలు ఊళ్ళో ఎవరింటికి వెళ్ళాయో అని ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజుల్లోనే అందరం ఇంజన్లు విప్పి పాత ఆయిలు దించేది. ఈసారి ఒక్క చుక్క కూడా నీళ్ళలో పడకూడదని ఉంది. మీ దగ్గర ఏం చేస్తున్నారో చెప్పండి.

కాకినాడ మెకానిక్
తమ్ముడూ, ముందు ఆయిలు అడుగు నీళ్ళలో కలవకుండా చూసుకో. కలిశాక విడదీయడం పెద్ద పని. ఇంజన్ కింద వెడల్పాటి రేకు ట్రే పెట్టి దించితే నికరంగా ఆయిలే వస్తుంది. దాన్ని కొనేవాళ్ళు ఉంటారు. నీళ్ళు కలిస్తే ఎవరూ తీసుకోరు. ఇప్పటికే కలిసినదాన్ని డ్రమ్ములో పోసి రెండు రోజులు కదపకుండా ఉంచు. ఆయిలు పైకి తేలుతుంది, ముంచి తీసుకోవచ్చు. అయినా కింది నీళ్ళు శుభ్రమైపోయాయి అనుకోవద్దు.

కొల్లం నుంచి
నేను కేరళలో నీండకర హార్బర్ దగ్గర పని చేస్తున్నాను. ఇక్కడ 2017లో ‘శుచిత్వ సాగరం’ అని మొదలుపెట్టారు. బోట్లకు సంచులు ఇచ్చారు. వలలో చేపలతో పాటు వచ్చే ప్లాస్టిక్‌ను మళ్ళీ సముద్రంలోకి విసరకుండా ఆ సంచుల్లో ఒడ్డుకు తెస్తారు. ఇక్కడ ఆడవాళ్ళు దాన్ని ఏరి, కడిగి, ఆరబెడతారు. మిషన్లో తురిమాక రోడ్లు వేసే తారులో కలుపుతారు. ఏరే వాళ్ళకు కూలి ఇచ్చారు కాబట్టే ఆ పని సాగిందని నా నమ్మకం. శ్రమదానం అని పిలిస్తే మొదటి వారం ఫొటోలకు వస్తారు, రెండో వారం ఎవరూ ఉండరు.

చేపలమ్మ కూతురు
కొల్లం అన్నయ్య చెప్పింది చదివి ఈ మాట రాయాలనిపించింది. మా అమ్మ తెల్లవారుజామున మూడింటికి వేలం పాటలో వంజరం, కానాగంతలు లాంటి చేపలు కొని గంపతో వీధులు తిరుగుతుంది. వేట నిషేధం భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచారు, చాలా మంచిదే. కానీ అది వేటకు వెళ్ళేవాళ్ళకు. గంప మోసే ఆడవాళ్ళకు ఆ రెండు నెలలూ చేతిలో రూపాయి ఉండదు. ప్లాస్టిక్ ఏరే పని, చిరిగిన వలలు విడదీసే పని అప్పుడు కూలికి ఇస్తే మా అమ్మలాంటి వాళ్ళు రేపే వస్తారు.

సరంగు గారబ్బాయి గారూ, ఆ పెద్దమ్మ మురికి నీళ్ళతో ఇష్టంగా కడగలేదండీ. జెట్టీ మీద మంచి నీళ్ళ కుళాయి దగ్గర్లో ఉంటే అటే వెళ్ళేది.

పాత పోస్టాఫీసు వీధి
హార్బర్ ప్రభావం అంటే బోట్ల మురికి ఒక్కటే కాదు. 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ (సముద్రం వైపు కట్టిన బయటి ఓడరేవు) వచ్చాక దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుకకు రాతి గోడలు అడ్డమయ్యాయి. అందుకే ఆర్కే బీచ్ కోతకు గురవుతుంటే డ్రెడ్జర్‌తో (ఇసుక తోడే ఓడతో) ఇసుక తెచ్చి పోస్తున్నారు. దీని మీద వేరే చర్చ పెడతాను.

వెరావల్ వలస
మాది శ్రీకాకుళం జిల్లా. అంత తీరం ఉన్నా మా దగ్గర జెట్టీలు లేక గుజరాత్ బోట్ల మీదికి వచ్చాం. ఒక బోటులో మా సరంగు క్యాబిన్ గుమ్మానికి గోనెసంచి కట్టాడు. నీళ్ళ ప్యాకెట్టు, బిస్కెట్ కవరు, తెగిన తాడు ముక్క, అన్నీ అందులోనే. మొదట విసుక్కున్నాం. పది రోజుల తర్వాత ఒడ్డుకొచ్చి సంచి దింపితే ఇద్దరం పట్టాల్సి వచ్చింది. అదంతా అంతకుముందు ప్రతి ట్రిప్పులో సముద్రంలోకే పోయింది. ఓనరు చెబితే జరగదు, సరంగు అనుకుంటే జరుగుతుంది.

సరంగు గారబ్బాయి (విశాఖపట్నం)
అందరికీ దండాలు. పక్క బోట్ల వాళ్ళతో మాట్లాడాను. అందరి పాత ఆయిలూ ఒక డ్రమ్ములో పోద్దాం అనగానే ఒక పెద్దాయన గట్టిగా వద్దన్నారు. 2023 నవంబర్ 19 రాత్రి మా హార్బర్లో జరిగిన అగ్నిప్రమాదంలో 40 దాకా బోట్లు కాలిపోయాయి. డీజిల్, గ్యాస్ సిలిండర్లు పేలుతుంటే ఒకదానికొకటి ఆనించి కట్టిన బోట్లను విడదీయలేకపోయారు. ఆయన భయం న్యాయమైనదే. అందుకని డ్రమ్ము జెట్టీ మీద పెట్టడం లేదు. బోట్లకు దూరంగా, మూత బిగించి, పక్కన ఇసుక బకెట్లతో పెడతాం. వారానికోసారి అమ్మేస్తాం. ఆ డబ్బు ఏరే వాళ్ళ కూలికి.

చెల్లెమ్మా, కుళాయి కోసం అర్జీ రాస్తున్నాం. మీ అమ్మగారిని కూడా సంతకం పెట్టమనండి, ముందు ఆడవాళ్ళ పేర్లే ఉండాలి.

కాకినాడ మెకానిక్
ట్రే కొలతలు పంపిస్తాను, ఇంజన్ మోడల్ చెప్పు.