అత్తగారు ఇచ్చిన మరియమాత పతకం వేసుకోవచ్చా?

కొత్త కోడలు:
మాది బాప్టిస్టు కుటుంబం. ఆర్‌.సి.ఎం. (రోమన్ కథోలిక) ఇంటికి కోడలిగా వచ్చాను. అత్తగారు ఎంతో ప్రేమగా వెండి గొలుసుకు మరియమాత బొమ్మ ఉన్న "అద్భుత పతకం" వేసి ఇచ్చారు. అది చూసిన మా పాస్టర్ గారు విగ్రహాలు చేసుకోవద్దన్న ఆజ్ఞ ఉన్న నిర్గమకాండం 20వ అధ్యాయం చదువుకోమన్నారు. నాకు ముందు నుయ్యి, వెనుక గొయ్యిలా ఉంది. పతకం మీది గుర్తులకు అర్థం ఏమిటి? వేసుకుంటే విగ్రహారాధన అవుతుందా?

గుణదల వాసి:
అవదమ్మా. 1830లో పారిస్‌లోని రూ ద్యు బాక్ మఠంలో కేథరిన్ లబూరే అనే సోదరికి కలిగిన దర్శనం ఆధారంగా చేసిన పతకం అది. 1832లో తొలి పతకాలు వచ్చినప్పుడు పారిస్‌లో కలరా ఉంది. సిస్టర్లు రోగులకు పంచారు. స్వస్థతలు కలిగాయని జనం చెప్పుకోవడంతో "అద్భుత" అన్న పేరు స్థిరపడింది.

ముందువైపు మరియమ్మ భూగోళం మీద నిలబడి, పామును కాలితో తొక్కుతుంటారు. స్త్రీ సంతానం సర్పం తలను చితకగొడుతుందన్న ఆదికాండం 3వ అధ్యాయం గుర్తుకు రావాలి. చేతుల నుంచి వచ్చే కిరణాలు దేవుని కృప. ఇప్పుడు పతకం తిప్పి చూడండి. ఎం అక్షరం మీద సిలువ నిలిచి ఉంటుంది. కింద రెండు హృదయాలు: ముళ్ల కిరీటం చుట్టుకున్నది యేసుది, ఖడ్గం దూసుకుపోయినది తల్లిది. ఆ ఖడ్గం లూకా సువార్తలో సుమెయోను అనే వృద్ధుడు మరియమ్మకు చెప్పినదే. చుట్టూ 12 నక్షత్రాలు ప్రకటన గ్రంథంలోనివి. వేలి గోరంత లోహం మీద ఇంత వాక్యం ఉంటే విగ్రహమని ఎలా అంటారు?

వాక్యమే ఆధారం:
అన్నగారూ, గుర్తులు బాగా వివరించారు గానీ అంచున ఉన్న మాటలు వదిలేశారు. "పాపం లేకుండా ఉద్భవించిన ఓ మరియా, నిన్ను ఆశ్రయించిన మా కోసం ప్రార్థించు" అనే అర్థం వచ్చే ప్రార్థన అది. నా అభ్యంతరం బొమ్మ మీద కాదు, ఆ మాట మీద. మరియమ్మ నిష్కళంకోద్భవాన్ని, అంటే ఆమె జన్మపాపం లేకుండానే తల్లి గర్భంలో పడ్డారన్న బోధను, రోమ్ విశ్వాస సత్యంగా ప్రకటించింది 1854లో. అంటే ఈ పతకం మెడలో వేసుకోవడం ఒక సిద్ధాంతానికి అవునని చెప్పడమే. ఇక్కడ ప్రశ్న అడిగిన మా సోదరి ఆ సిద్ధాంతం నమ్మదు. పైగా విజయవాడలో మరియమాత గుడి ఉన్న గుణదల కొండ దగ్గర తలనీలాలు ఇచ్చేవారిని చూస్తూ కూడా ఇదంతా గౌరవమేనని ఎలా సరిపెట్టుకోమంటారు?

చరిత్ర పాఠకురాలు:
ఈ వాదన మనతో మొదలు కాలేదు. 8వ శతాబ్దంలో బైజాంటియం చక్రవర్తులు యేసు, మరియమ్మ, పునీతుల పటాలను పగలగొట్టించారు. 787లో బిషప్పులు కూడిన రెండవ నికయా మహాసభ తీర్పు చెప్పింది: ఆరాధన దేవునికే, పటానికి ఇచ్చేది గౌరవం, ఆ గౌరవం పటంలోని వ్యక్తికి చేరుతుంది. 1563లో ట్రెంట్ మహాసభ ఇంకా సూటిగా, బొమ్మలలో దైవత్వం గానీ శక్తి గానీ ఉందని నమ్మి వాటిని గౌరవించకూడదంది. కాబట్టి పసిబిడ్డకు జ్వరం వస్తే పతకాన్ని తాయెత్తులా కట్టి ఊరుకునేవారిని కథోలిక బోధే తప్పుపడుతుంది. కథోలిక సభ అధికారిక బోధ గ్రంథమైన 1992 నాటి సత్యోపదేశం 2111వ పేరాలో అది మూఢనమ్మకమేనని స్పష్టంగా ఉంది. ప్రశ్న బొమ్మ గురించి కాదు, దాన్ని పట్టుకున్న మనసు గురించి.

వాక్యమే ఆధారం:
మనసు ఎప్పుడు జారుతుందో ఎవరికి తెలుస్తుందండీ? పాము కరిచినవారు చూసి బతకాలని మోషే చేసిన ఇత్తడి సర్పం దేవుడు చేయించినదే. జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టాక హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడు.

గుణదల వాసి:
నిజమే, ధూపం వేశాకే. అంతకుముందు తరతరాలుగా దాన్ని ఎవరూ పగలగొట్టలేదు. తలనీలాల సంగతి అంటారా, అది మన నేల నుంచి వచ్చిన మొక్కు పద్ధతి. మరియమ్మను దేవత అనుకుని ఇస్తే తప్పే. దేవునికి కృతజ్ఞతగా ఇస్తే తప్పు పట్టను. అంచు మాటల విషయంలో మాత్రం మీతో వాదించను. నమ్మని ప్రార్థనను మెడలో వేసుకోమని ఎవరినీ బలవంతం చేయకూడదు.

కొత్త కోడలు:
అందరికీ వందనాలు. వెనుకవైపు ఉన్న సిలువను, ఆ రెండు హృదయాలను ఇంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు. అంచున ఉన్న ప్రార్థన మాత్రం ఈరోజు నా నోట రాదు. గొలుసు వేసుకుంటాను, పతకం తీసి నా బైబిల్ పక్కన ఉంచుతాను. కారణం అత్తగారికి నేనే చెబుతాను. ఆమె జపమాల చెప్పుకునేటప్పుడు పక్కన కూర్చోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు. పాస్టర్ గారికీ అదే మాట చెబుతాను.