"దావీదులో మాకు భాగమేది?" – ఇది ఎవరి నినాదం?

బైబిల్లో 1 రాజులు 12:16 లో, ఇశ్రాయేలు రాజు దావీదు వంశం గురించి జనం అన్న ఈ మాట ఉంది కదా, భాగం అంటే ఇక్కడ ఆస్తిలో వాటానా? పక్కనే స్వాస్థ్యము అని కూడా ఉంది, రెండూ ఒకటేనా అండీ?

> వాటానేనండీ, స్వాస్థ్యం అంటే తాతల నాటి భూమి, రెండూ కలిపి మీ ఇంటికీ మాకూ చెల్లు అని తెగ్గొట్టేయడం. కానీ ఇది అప్పుడు పుట్టిన నినాదం కాదు. దావీదు బతికుండగానే బిక్రి కొడుకు షెబ తిరుగుబాటుకి బూర ఊది ఇదే అన్నాడు (2 సమూయేలు 20), ఆబేలు ఊరివాళ్లే అతని తల నరికి గోడ మీంచి దావీదు సేనాధిపతి యోవాబుకి పడేశారు, అక్కడితో సద్దుమణిగింది. దావీదు కొడుకు సొలొమోను పోయాక అదే మాటతో ఇశ్రాయేలులో పది గోత్రాలు విడిపోయాయి. మధ్యలో ఏం జరిగిందంటే వెట్టి. సొలొమోను కాలంలో లెబానోనుకి 30,000 మందిని, నెలకి 10,000 చొప్పున వంతులేసి తోలారు. వెట్టి అంటే ఏంటో తెలంగాణ వాళ్లకి చెప్పక్కర్లేదు.

> అయితే ఇప్పటి సంస్కరణల డిమాండ్లకి కూడా ఇదే పాఠమా?

> కొంతవరకు. షెకెము ఊళ్లో సొలొమోను కొడుకు రెహబాము ముందు జనం రాజే వద్దనలేదు, మీ నాన్న మోపిన కాడి (వెట్టి బరువు) తేలిక చెయ్యి నీకు సేవ చేస్తాం అన్నారు, అంతకంటే విధేయమైన డిమాండ్ ఉంటుందా చెప్పండి. రెహబాము మూడు రోజులు టైం అడిగి, మెత్తగా మాట్లాడమన్న పెద్దల్ని పక్కన పెట్టి, కాడి ఇంకా బరువు చేస్తానని తనతో పెరిగిన కుర్రాళ్లు రాసిచ్చిన డైలాగ్ కొట్టాడు. (నా చిటికెన వేలు మా నాన్న నడుం కంటే లావు అనమన్న ముక్క మాత్రం జనం ముందు మింగేశాడు, 14వ వచనం చూడండి.) ఇప్పుడు కూడా గద్దె దిగు అనే నినాదం వినపడగానే కుట్ర అనేస్తారు గానీ దానికి ముందు వాళ్లు ఏం అడిగారో ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు.

> ఆ పది గోత్రాలకి రాజైన యరొబామునీ వదలకండి సర్. సొలొమోను కింద యోసేపు సంతతివాళ్ల పనికి అధికారి ఆయనే. రాజయ్యాక బేతేలులో, దానులో బంగారు దూడలు పెట్టాడని ఉంది గానీ కాడి తగ్గించాడని ఒక్క ముక్క లేదు.

> కరెక్ట్. ఇంకోటి, అంత గొడవయ్యాక కూడా రెహబాము జనం దగ్గరికి ఎవర్ని పంపాడు? వెట్టి మీద అధికారి అదోరామునే! రాళ్లతో కొట్టి చంపేశారు, రాజు రథమెక్కి యెరూషలేముకి పరుగు. షెబ కథ ఉన్న అధ్యాయం చివర్లో, 24వ వచనంలో, దావీదు అధికారుల లిస్టులో కూడా వెట్టిపనుల మీద అదోరాము అనే పేరే ఉంది.