ఒకే న్యూరాన్‌కి పది పనులెందుకు? ఒక్కోదానికి ఒక్కో పని ఇస్తే సరిపోదా?

మారతహళ్లి_టెస్టర్:
హాలీవుడ్ నటి జెన్నిఫర్ ఆనిస్టన్ ఫోటోలకి స్పందించిన న్యూరాన్ గురించి చదివా, 2005 నాటి పేపర్ అది. అంతవరకు బాగానే అర్థమైంది. ఇప్పుడేమో మెదడులో నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో ఒకే న్యూరాన్ చూసిన బొమ్మకీ, వరసకీ, చేస్తున్న పనికీ కలగాపులగంగా స్పందిస్తుందట. మా టీమ్‌లో ఇలా కోడ్ రాస్తే రివ్యూలోనే తిప్పి కొడతారు. గట్టిగా ఆలోచించాల్సిన చోటే ఈ గందరగోళం ఏంటి?

లెక్కల_పిచ్చి:
మన బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్‌తో చెప్తా. పొద్దున ఆఫీసుల వైపు జామ్, సాయంత్రం ఇళ్ల వైపు జామ్ అనుకుందాం (ఎప్పుడూ రెండు వైపులా జామే అని నాకూ తెలుసు, కాస్త ఓర్చుకోండి). ఒక న్యూరాన్ పొద్దున అయితే ఫైర్ అవుతుంది, ఇంకోటి ఆఫీసు వైపు అయితే. వీటిని చదివే కణం చేసేదల్లా ఒక్కోదానికి ఒక వెయిట్ ఇచ్చి, కూడి, మొత్తం ఒక గీత దాటిందా లేదా చూడటమే. ఏ వెయిట్లు ఇచ్చినా జామ్ ఉన్న రెండు సందర్భాలూ లేని రెండిటి నుంచి విడిపోవు, కాగితం మీద వేసి చూడండి. ఇప్పుడు 'పొద్దున, పైగా ఆఫీసు వైపు' అన్నప్పుడే ఫైరయ్యే మూడోది చేర్చి దానికి ప్లస్ 2, మిగతా రెండిటికీ మైనస్ 1 ఇవ్వండి. విడిపోతాయి. దీన్నే మిక్స్‌డ్ సెలెక్టివిటీ అంటారు. రేపు ఏ రూల్ వస్తుందో ముందే తెలీదు కదా, రకరకాల కలయికలు సిద్ధంగా ఉంటే వెయిట్లు మార్చుకుంటే చాలు.

న్యూరో_అక్క:
ఇది ఉత్త లెక్క కాదు. రిగోట్టి, ఫ్యూసీ, మిల్లర్ వాళ్ల 2013 నేచర్ పేపర్‌లో కోతులు రెండు బొమ్మల్ని వరసగా గుర్తుపెట్టుకోవాలి. వాటి ప్రీఫ్రంటల్‌లో 237 న్యూరాన్ల రికార్డింగులు చూశారు. కోతి తప్పు చేసినప్పుడు ఏ బొమ్మలు చూసిందో ఆ కణాల నుంచి చదవడం కుదిరింది, కానీ ఈ కలయికల వల్ల వచ్చే డైమెన్షన్లు (అంటే సందర్భాల్ని రకరకాలుగా విడదీయగలిగే వీలు) పడిపోయాయి. నాకైతే ఆ పేపర్ మొత్తానికి అదే అసలు విషయం. ఇక ఆనిస్టన్ న్యూరాన్ తమ్ముడూ, అది జ్ఞాపకాలతో ముడిపడ్డ మీడియల్ టెంపోరల్ లోబ్‌లోది, పైగా చూపించింది కొద్ది ఫోటోలే. ఆవిడకి తప్ప ఇంకెవరికీ స్పందించదు అనడానికి లేదు.

మారతహళ్లి_టెస్టర్:
అలాగైతే అన్నీ బాగా కలిపేస్తే ఇంకా మంచిదేగా?

న్యూరో_అక్క:
కాదు. మరీ కలిపేస్తే ప్రతి సందర్భమూ దేనికదే అయిపోతుంది, ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికిరాదు, నాయిస్‌కి కూడా తట్టుకోలేదు. 2020లో బెర్నార్డి బృందం సెల్ అనే జర్నల్‌లో చూపించింది ఈ రెండో వైపే. కోతుల హిప్పోక్యాంపస్‌లో, ప్రీఫ్రంటల్‌లో సందర్భాన్ని గుర్తుపట్టడం డీకోడర్‌కి (న్యూరాన్ల స్పందనని చదివే ప్రోగ్రామ్‌కి) కొన్ని పరిస్థితుల్లోనే నేర్పినా, అది చూడని వాటిల్లోనూ పనిచేసింది. అంటే కలిపినా లోపల కొంత క్రమం మిగిలే ఉంది. ఎంత కలపాలన్నది పనిని బట్టి.

లెక్కల_పిచ్చి:
నమ్మకం లేకపోతే పైథాన్ లెక్కల లైబ్రరీ నంపైలో రాండమ్ వెయిట్లతో ఒక లేయర్ పెట్టి, న్యూరాన్లు పెంచుకుంటూ పోయి, నాయిస్ కలిపి చూడు. ఎక్కడ దెబ్బతింటుందో నీకే కనిపిస్తుంది.