“కనికరింపబడినవారైతిరి”ల ‘బడు’ తీసేయాల్నా?

పొద్దున ఒక తమ్ముడు అడిగిండు: బైబిల్ల పేతురు రాసిన మొదటి పత్రిక, 1 పేతురు 2:10ల “ఒకప్పుడు కనికరింపబడక యిప్పుడు కనికరింపబడినవారైతిరి” అని ఉన్నది, ఇది తెలుగు నుడికారం కాదు గదా, “కనికరం పొందినవారు” అని చదువుకోవచ్చా అని. నలుగురు చదువుకోవచ్చన్నరు. నేను వద్దంటున్న.

‘బడు’ మీద మనకున్న కోపం న్యాయమైందే. “అన్నం తినబడింది” అని ఏ ఇంట్ల అనరు. కానీ కనబడు, వినబడు మనం బడిల నేర్చుకున్నయి కావు. చుక్క కనబడ్డది అంటం. అందుల మన కష్టం ఏం లేదు, అదే కంటికి ఆనింది. “పొందిన” అంటే పొందినోడే కర్త అయితడు, జీతం పొందినట్టు, బహుమతి పొందినట్టు. ఈ వచనంల మనిషి కర్త కాదు. పేతురు రాసిన గ్రీకుల కూడా కర్మణి రూపమే, అంటే పని ఎవరి మీద జరిగిందో వాళ్లను ముందు పెట్టి చెప్పే రూపం. పైగా “కనికరింపబడక” అన్న చోట ఎన్నాళ్ల నుంచో ఉన్న స్థితి చెప్పే రూపం, “కనికరింపబడినవారు” అన్న చోట ఒక్కసారి జరిగిన పని చెప్పే రూపం వాడిండు పేతురు.

ఈ మాటలు ఆయన హోషేయ నుంచి తీసుకున్నడు. ఆ ప్రవక్త బిడ్డ పేరు లోరూహామా, జాలి నొందనిది. కొడుకు పేరు లోఅమ్మీ, నా జనము కాదు. తర్వాత దేవుడే ఆ పేర్లు తిరగేసిండు. రూహామాల ఉన్న ధాతువే హీబ్రూల గర్భానికి చెప్పే ‘రెహెమ్’ల కూడా ఉన్నది.

ఇది చదివిన రోజు నాకు మా నాయనమ్మ యాదికొచ్చింది. ఆమెది డోర్నకల్ దిక్కు. 1912ల అజరయ్యగారు అక్కడ బిషప్ అయినంక సంఘంల చేరినోళ్లల ఎక్కువమంది ఊరవతలి మాల, మాదిగ వాడలోళ్లే. పేరు పెట్టి పిలిపించుకోని మనుషులకు అదే వచనంల ఉన్న “ఒకప్పుడు ప్రజలుగా ఉండక” అన్న మాటకు వ్యాఖ్యానం అక్కర లేకుండె. నాయనమ్మ అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివేది. “కనికరింపబడిన” కాడ నోరు తిరగక ఆగి, బైబిల్ మూసి, “అంటే మనల కడుపుల వెట్టుకున్నడు బిడ్డా” అనేది. హీబ్రూ ఆమెకు ఎవరు చెప్పిండ్రు? సాదుకునే తల్లి నోట్ల ఉండే మాట అది. కడుపుల పెట్టుకునేది తల్లి, బిడ్డ చేసేదేం లేదు. మార్చాల్నంటే ఆ మాటకే మార్చుండ్రి, “పొందిన”కు మాత్రం వద్దు.

దాని పై వచనం 2:9ల “ఏర్పరచబడిన వంశము” కూడా అంతే. మంచి పత్తి చూసి ఏరినట్టు అనుకోవద్దు. ద్వితీయోపదేశకాండము 7:7 చూడుండ్రి: సమస్త జనములకంటె మీరు లెక్కకు తక్కువేగదా అని మొహం మీదనే చెప్పిండు.

ఇంకో చెల్లె కింద అడిగింది: “అన్నా, మరి అదే 2:9ల ‘దేవుని సొత్తైన ప్రజలు’ అంటే మనుషులను సామాన్లు చేసినట్టు లేదా?”

లేదమ్మా. దాని వెనుక నిర్గమకాండము 19:5 ఉన్నది. అక్కడ తెలుగుల “స్వకీయ సంపాద్యము”, హీబ్రూల ‘సెగుల్లా’. 1 దినవృత్తాంతములు 29:3ల దావీదు మందిరానికి ఇచ్చిన సొంత బంగారు వెండికీ అదే మాట. రాజ్యం ఖజానా వేరు, రాజు తనదని పెట్టుకున్నది వేరు. మీ అమ్మమ్మ సందుగల అడుగున, చీరెల కింద, గుడ్డల చుట్టి పెట్టుకున్నది ఉంటది చూడు, ఎవ్వరిని ముట్టనియ్యదు. గా సొత్తు.