జర్మన్ మొగుడు తెలుగు నేర్చుకోవాలా, ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేస్తే చాలా?

గోదారమ్మాయి:
అందరికీ నమస్తే. మాది కొవ్వూరు పక్కన, చదువుకి వచ్చి ఇప్పుడు మ్యూనిక్‌లో ఉద్యోగం. మా ఆయన ఇక్కడివాడే. ఇద్దరం ఇంగ్లీషులోనే మాట్లాడుకుంటాం, ప్రేమించుకున్నదీ అందులోనే, పోట్లాడుకునేదీ అందులోనే, దాంతో బాధ లేదు. బాధంతా పక్కన మూడో మనిషి ఉన్నప్పుడే. అత్తగారిది బవేరియాలో పల్లెటూరు, వాళ్ళింట్లో వినపడేది క్లాసుల్లో నేర్పే జర్మన్ కాదు, అక్కడి యాస. నేను జర్మన్‌లో బీ1, అంటే మధ్యస్థాయి పరీక్ష, పాసయ్యా, ఆఫీసులో మెయిల్స్ రాస్తా, అయినా భోజనాల దగ్గర వాళ్ళంతా పగలబడి నవ్వుతుంటే నేను కాస్త లేటుగా నవ్వుతా, అదీ ఎందుకో తెలీకుండా. ఇటు అమ్మ వీడియో కాల్ చేస్తే తను "బాగున్నారా అత్తయ్యా" అని చెయ్యూపి పక్క గదిలోకి జారుకుంటాడు. నేను ఇంత కష్టపడుతున్నప్పుడు తననీ తెలుగు నేర్చుకోమని గట్టిగా అడగొచ్చా? మా ఫ్రెండేమో అది అత్యాశ అంటోంది.

ప్రాక్టికల్_పంతులు:
అత్యాశే అండి, ఏమనుకోకండి. మీరు ఉండేది అక్కడ. జర్మన్ మీకు కూడు పెడుతుంది, కాగితాలిప్పిస్తుంది. బ్లూ కార్డ్ (పెద్ద చదువుల ఉద్యోగులకిచ్చే పర్మిట్) వాళ్ళకి పర్మనెంట్ రెసిడెన్స్ ఏ1 (జర్మన్‌లో మొదటి మెట్టు) ఉంటే 27 నెలలకి, బీ1 ఉంటే 21 నెలలకే వస్తుంది, సిటిజన్‌షిప్‌కీ బీ1 అడుగుతారు. తెలుగు నేర్చుకుంటే ఆయనకేమొస్తుంది చెప్పండి? మీ అమ్మగారితో నెలకో పావుగంట మాట. దానికి ఫోన్లో ట్రాన్స్‌లేట్ ఉంది. పైగా బలవంతంగా నేర్పిస్తే అది హోంవర్క్ అయిపోతుంది, సాయంత్రాలన్నీ అలకలతో గడుస్తాయి.

కలకత్తా_కోడలు:
పంతులుగారూ, మీరు భాషని ఉద్యోగం లెక్కలో కొలుస్తున్నారు, ఆ అమ్మాయి అడిగింది అది కాదు కదా. నాది భీమవరం, ఆయన బెంగాలీ, మా మధ్య హిందీ ఇంగ్లీషు కలగాపులగం. నా అనుభవం చెప్తా, కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి. ఇద్దరిలో ఒక్కరికే రెండు భాషలూ వస్తే ఆ ఒక్కరు ఇంట్లో జీతం లేని ఇంటర్‌ప్రెటర్ అయిపోతారు. మా వాళ్ళొచ్చినప్పుడు నేను తినేదాన్ని కాదు, ఒకరు అన్నది ఇంకొకరికి చెప్పడంతోనే కంచంలో అన్నం చల్లారిపోయేది. అసలు కష్టం అదీ కాదు, చెప్పేటప్పుడు ఎడిట్ చేస్తాం. మా పెద్దమ్మ "ఇంత నల్లగా ఉన్నాడేంటే" అంటే నేను "మనిషి చాలా నెమ్మది అంటోంది" అని చెప్పేదాన్ని. అందరి మంచితనాన్నీ నేనే తయారుచేసి పంచుతున్నట్టుండేది, గొడవ వస్తే రెండు వైపుల తిట్లూ నాకే. ఆయనకి మెల్లగా తెలుగు అర్థమవడం మొదలయ్యాక (మాట్లాడ్డం ఇప్పటికీ ఘోరం, వచ్చాడు వచ్చింది తేడా పట్టుబడదు, బెంగాలీలో క్రియకి ఆ గొడవ లేదు మరి) నా భుజాల మీద బరువు సగం దిగింది.

ఎలా మొదలైందంటే చేప దగ్గర. మన పులస, వాళ్ళ ఇలిష్ ఒకటే చేప. మా నాన్న పులుసు పెట్టి మర్నాటిదాకా ఉంచాలంటాడు, ఈయన ఆవపిండితో వండాలంటాడు, మధ్యలో నేను చెప్పనని భీష్మించుకు కూర్చున్నా. చచ్చినట్టు వాళ్ళే సైగలతో, వచ్చిన నాలుగు ముక్కలతో వాదించుకున్నారు. గోదారమ్మాయీ, నువ్వూ అప్పుడప్పుడూ ట్రాన్స్‌లేట్ చెయ్యడం మానెయ్.

ఇంకోటి. 2007 నుంచి జర్మన్‌ని పెళ్ళాడి ఇండియా నుంచి వెళ్ళేవాళ్ళలో చాలామందికి వీసాకి ముందే ఏ1 సర్టిఫికెట్ కావాలి, హైదరాబాద్‌లో గోథె సెంటర్‌కి వెళ్ళి నేర్చుకునేవాళ్ళున్నారు. వచ్చే మనిషికి చట్టమే పరీక్ష పెడుతుంది. ఊళ్ళో ఉన్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. అందుకే అది అడగాల్సింది పెళ్ళామే.

ప్రాక్టికల్_పంతులు:
వచ్చే మనిషిని అడగడం సహజమే కదండీ. మన ఊరికొచ్చిన కోడలు మన భాష నేర్చుకోవాలని మనం అనుకోమా?

కలకత్తా_కోడలు:
అనుకుంటాం. కోడలే నేర్చుకోవాలనీ అనుకుంటాం, అల్లుడికి మాత్రం ఇంగ్లీషులో మర్యాద చేస్తాం. అదే నా గొడవ.

మైలాపూర్_మనవరాలు:
మధ్యలో దూరుతున్నా. నాన్న తమిళం, అమ్మ తెలుగు, పెరిగింది చెన్నైలో. నాన్నకి తెలుగు మాట్లాడ్డం రాదు, వింటే మాత్రం అంతా తెలుస్తుంది. అందుకే అమ్మ ఆయన ఎదురుగానే మాతో తెలుగులో మాట్లాడేది, ఆయన తమిళంలో జవాబిచ్చేవాడు, ఇప్పటికీ మా ఇంట్లో అంతే. మా పిన్ని వాళ్ళింట్లో బాబాయికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, పాపం ఆయన ఒంటరైపోతాడని పిన్ని పిల్లలతో కూడా ఇంగ్లీషుకి మారిపోయింది, ఇప్పుడా పిల్లలకి అమ్మమ్మతో హాయ్, బై తప్ప ఏమీ లేదు. కాబట్టి అక్కా, మాట్లాడమని అడగొద్దు, అర్థం చేసుకోమని అడుగు.

గోదారమ్మాయి:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి అడిగేశా. అంతా విని తను అన్నదేంటంటే "సరే, ఎక్కడ నేర్చుకోను?" అని. నిజమే, డుయోలింగోలో తెలుగు నేర్పే కోర్సే లేదు, మనబడి ఉంది కానీ అది పిల్లలకి. ఆన్‌లైన్ ట్యూటర్లు లిపితో మొదలెడతామంటున్నారు, అ ఆ ఇ ఈ దిద్దేసరికి మనిషి పారిపోతాడు. అదీకాక పుస్తకం తెలుగు నేర్చుకుని మా అమ్మ గోదారి యాస ముందు నిలబడితే, బవేరియాలో నాకున్న అవస్థే. జర్మన్‌లో కారణం చెప్పే వాక్యాల్లో క్రియ చివరికెళ్తుంది కాబట్టి మన వాక్యం మరీ వింతగా ఉండదని ఒకటే ఆశ.

మైలాపూర్_మనవరాలు:
లిపి వదిలెయ్యండి. ఆంటీ చేత రోజూ వాట్సాప్‌లో చిన్న వాయిస్ మెసేజ్ పెట్టించండి, ఏం వండారో, కరెంటు పోయిందో, ఏదో ఒకటి. ఆయన విని మీకు చెప్పాలి, మీరు ముందు చెప్పకూడదు.

ప్రాక్టికల్_పంతులు:
ఇది పర్లేదు, ఖర్చు లేదు, క్లాసూ లేదు. మరి ఆ బవేరియా అత్తగారి సంగతో? ఆవిడ చేత కూడా పెట్టించండి, అల్లుడికో రూలు కోడలికో రూలు అని మళ్ళీ నన్నంటారు.

గోదారమ్మాయి:
ఆవిడకి వాట్సాప్ ఇష్టం ఉండదండీ, ల్యాండ్‌లైనే. ఆదివారం అడిగి చూస్తా.